సహాయధనము వేఱు, న్యాయము వేఱు

(మెదకు పట్టణ పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



ఇల్లు కాలి యొకడేడ్చుచుండ చుట్టకు నిప్పడిగెనట మఱియొకడు. ఈ సామెతను మనము నవ్వుచు వాడుచుందుము. కాని అందు నవ్వవలసినదేమియు లేదు. పొరుగింటి మంటను వేడుకగా చూచి, పత్రికలో రెండునాళ్ళు చదివి, మూడవనాడు మఱచువారందఱును ఆ చుట్ట కాల్చువాని చుట్టములే. నేడు మేము మీకు విన్నవింపదలచినది ఈ మఱపును గూర్చియే. నివాసగృహమున నిప్పంటి మనుష్యులు మరణించిన పిమ్మట, బ్రతికియున్నవారికి రావలసినదేమి? దానిని రప్పించు బాధ్యత యెవరిది?

ఉదాహరణములకై దూరము పోనక్కఱలేదు. హైదరాబాదు మన పట్టణమునకు సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున నున్నది. చదువునకును, కొలువునకును, కూలికిని మన బిడ్డలు పోవునది అచటికే. ఆ నగరమున ఇటీవలి యేండ్లలో జరిగిన మూడు దుర్ఘటనలను జ్ఞప్తికి తెచ్చుకొందము.

2022 మార్చి 23వ తేదీ తెల్లవాఱుజామున సికింద్రాబాదు బోయిగూడలోని యొక తుక్కు గోదాములో నిప్పు పుట్టెను. బీహారునుండి వచ్చిన పండ్రెండుగురు కూలీలు ఆ గోదాము మేడమీద నిద్రించుచుండిరి. పని చేయు చోటే వారికి నివాసము. వారిలో పదునొకండుగురు మరణించిరి. ఒక్కడు మాత్రము బయటికి దూకి బ్రతికెను.

2023 నవంబరు 13న, దీపావళి మఱునాడు, నాంపల్లి బజారుఘాటులోని యొక అపార్టుమెంటు క్రిందిభాగమున నిలువయుంచిన రసాయనపు డ్రమ్ములకు నిప్పంటుకొనెను. పై యంతస్తులలో కాపురమున్నవారిలో తొమ్మండుగురు అసువులు బాసిరి.

2025 మే 18న, ఆదివారపు ఉదయమున, చార్మినారు చెంత గుల్జారుహౌజులో ఒకే కుటుంబమువారు పదునేడుగురు మరణించిరి. అందు ఎనమండుగురు పిల్లలు. వేసవి సెలవులలో బంధువులందఱు ఒక్క యింట చేరియుండిరి. ఆ యింటికి రాకపోకలకున్నది ఇఱుకైన దారి యొక్కటే.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఒకచోట గోదాముపై పడక. ఒకచోట రసాయనములపై కాపురము. ఒకచోట దుకాణములతో కలిసిన పాతయిల్లు. మూడుచోట్లను పొగ మీదికెక్కినది; మనుష్యులకు దిగుటకు దారి దొరకలేదు. వీనిలో నేదియు ఆకాశహర్మ్యము కాదు. మన రాష్ట్రమున నివాసభవనమునకు అగ్నిమాపకశాఖ అనుమతి కావలెనన్న 18 మీటర్ల యెత్తుండవలెను. అంతకు తక్కువైన యిండ్లలోనే మన జనులలో అధికసంఖ్యాకులు నివసించుచున్నారు. చట్టము ఎత్తైన మేడలవంక చూచుచున్నది. చావు మాత్రము చిన్నయిండ్ల మెట్లక్రిందనే పొంచియున్నది.

ఇక పిమ్మట జరిగినదేమి? మూడు పర్యాయములును నాయకులు వచ్చిరి, దుఃఖించిరి. రాష్ట్రప్రభుత్వము మృతుల కుటుంబములకు ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ప్రకటించెను. బోయిగూడ, గుల్జారుహౌజు మృతులకు ప్రధానమంత్రి సహాయనిధినుండి 2 లక్షల చొప్పున ప్రకటింపబడెను. ఈ ధనమును మేము తృణీకరించుటలేదు. సంపాదించు చేయి పోయిన యింటికి మొదటి మాసమున బియ్యము కావలెను, అద్దె కావలెను, పిల్లల బడిజీతము కావలెను. కాని దీనికి పెట్టిన పేరేమి? ఎక్స్‌గ్రేషియా. ఆ లాటిను పలుకునకర్థము ‘దయచేత’ అని. దయ యిచ్చువాని యిష్టము. హక్కు పుచ్చుకొనువాని సొత్తు.

ఈ భేదము మాటలలోనిది మాత్రము కాదు. 2025 జూన్ 30న పాశమైలారములోని యొక ఔషధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా కార్మికులు మరణించిరి. ఆ యూరు పూర్వపు ఉమ్మడి మెదకు జిల్లాలోనిదే. ఆ మృతుల కుటుంబములకు కోటి రూపాయలు ప్రకటింపబడెను. వారికది యెక్కువ యని యెవ్వడైన ననగలడా? అనడు. మఱి బోయిగూడ కూలి ప్రాణము 5 లక్షలేల? బజారుఘాటు తల్లి ప్రాణము 5 లక్షలేల? మొత్తమును నిర్ణయించు నియమము లేనిచోట, కోలాహలమెంత గొప్పదో సహాయమంత గొప్పదగును. దిక్కులేనివాని చావు చౌకయగును. దీనినే మేము అన్యాయమనుచున్నాము.

బాధితులు కూడి నిలిచినచో నేమి సాధింపగలరో, ఎంత కష్టపడవలసివచ్చునో తెలిసికొనుటకు రెండు దృష్టాంతములు చూతము.

మొదటిది లండనులోని గ్రెన్‌ఫెల్ సౌధము. ఇరువదినాలుగంతస్తుల ఆ భవనమున 2017 జూన్ 14 రాత్రి నిప్పంటి 72 మంది మరణించిరి. భవనమునకు వెలుపల తొడిగిన పలకలే మంటను పైకి ప్రాకించినవి. అగ్నిభయమును గూర్చి అచటి నివాసులు ముందే హెచ్చరించియుండిరి, వినినవారు లేరు. దుర్ఘటన పిమ్మట బ్రతికినవారును, ఆప్తులను కోల్పోయినవారును సంఘముగా నేర్పడిరి. ప్రతిమాసము 14వ తేదీన నోరు మెదపక వీథులలో నడచిరి. ఆ మౌనము ప్రభుత్వమును నిద్రపోనీయలేదు. బహిరంగ విచారణ జరిగి, 2024 సెప్టెంబరు 4న తుదినివేదిక వెలువడెను. ఆ మరణములన్నియు నివారింపదగినవే యని అందు తేలెను. 2022లో భవనభద్రతకై క్రొత్త చట్టము వచ్చెను. అయినను ఆ తుదినివేదిక వెలువడు నాటికి ఏడేండ్లు గడచినను, ఆ మరణములకై యొక్కనిమీదనైనను నేరారోపణ జరుగలేదు.

రెండవది మన ఢిల్లీలోనిది. అది నివాసగృహము కాదు, ఉపహార్ సినిమాహాలు. 1997 జూన్ 13న అచట 59 మంది ఊపిరాడక మరణించిరి. బిడ్డలను పోగొట్టుకొన్న తలిదండ్రులు సంఘము కట్టి దశాబ్దములకొలది న్యాయస్థానముల మెట్లెక్కిరి. 2015లో సుప్రీంకోర్టు యజమానులకు 30 కోట్ల చొప్పున జరిమానా విధించి, మిగిలిన చెఱవాసమును తప్పించెను. ఆ తలిదండ్రులకది గుండెకోత. అయినను వారు వ్యాజ్యమును విడువలేదు. న్యాయస్థానపు కాగితములను తారుమారు చేసిన నేరమునకు 2021లో ఆ యజమానులకు మఱల శిక్ష పడుటకు వారి కాపలాయే కారణము. కాపలా లేనిచోట సాక్ష్యము కూడ కాలిపోవునని దీనివలన నేర్వవలెను.

‘సంఘము కట్టుడని చెప్పుట సులభము, బీహారు కూలికి హైదరాబాదులో సంఘమెవరు?’ అని మీరు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్న. మృతదేహములు స్వరాష్ట్రమునకు పోయినవి. వెనుక కాపలాయుండుటకు తల్లియు లేదు, తమ్ముడును లేడు. అట్టివారికి పొరుగువాడే సంఘము. ఈ మాట పరులకై చెప్పునది కాదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల వసతిగృహము కాలి 45 మంది భారతీయులు మరణించిరి. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశమువారు. మన మెతుకుసీమ పల్లెలనుండి గల్ఫు దేశములకు పోయిన బిడ్డలెందఱో మీకు తెలియును. వారు అచట నుండుట, బీహారు బిడ్డ యిచట నుండుట ఒక్కటి కాదా? అచటి పొరుగువాడు మనవానికై నిలువవలెనని కోరువారము, ఇచట మనము పరాయివానికై నిలువవలదా?

ఇక చేయదగిన పనులను చెప్పెదము. మొదటిది: విచారణ నివేదికను బయటపెట్టించుట. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము దానిని అడుగుటకు ఏ పౌరునికైనను అధికారము కలదు. మృతుని బంధువే కానక్కఱలేదు. రెండవది: న్యాయసహాయము. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము, మహావిపత్తున బాధితులైనవారిని ఉచిత న్యాయసహాయమునకు అర్హులుగా పేర్కొన్నది. వకీలు రుసుమునకు జడిసి యింట కూర్చున్నవారికి ఈ మాట ఎవరైన చెప్పవలెను గదా! మూడవది: నేరవిచారణను విడువకుండుట. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో, నిర్లక్ష్యముచేత మరణము కలిగించినవానికి అయిదేండ్లవఱకు శిక్ష కలదు. పూర్వపు శిక్షాస్మృతిలో అది రెండేండ్లే. కాని సాక్షి రానిచో అయిదైనను సున్నయే. నాలుగవది: మరణమునకు ఇంతయని సహాయమును ముందుగానే నిర్ణయించు నియమము, 18 మీటర్లకు లోబడిన యిండ్లకు కూడ వర్తించు భద్రతానిబంధన. ఈ రెండును శాసనసభను అడుగవలసినవి.

2016 అక్టోబరు 11న మన మెదకు జిల్లాకేంద్రమైనది. కలెక్టరు కచేరీకి పోవుటకు ఇక సంగారెడ్డి బస్సెక్కనక్కఱలేదు. సభ ముగిసిన పిమ్మట ఇంటికి పోవునపుడు మీ వీథిని ఒక్కసారి పరికింపుడు. క్రింద దుకాణము, మీద కాపురముగల యిండ్లు ఎన్ని? మెట్లక్రింద గ్యాసు బండలు, రంగు డబ్బాలు, పాత సామానులు కుక్కినవి ఎన్ని? కిటికీలకు కదలని యినుపకడ్డీలు బిగించినవి ఎన్ని? లెక్క వ్రాసి, పదిమంది సంతకములు చేసి కచేరీలో నందజేయుడు. గ్రెన్‌ఫెల్ నివాసుల హెచ్చరికవలె అది వినబడకపోవచ్చును. అయినను వ్రాసినది మిగులును. రేపు ‘మాకు తెలియదు’ అను మాటకు తావుండదు.

తుదిమాట. మన పట్టణమునకు వన్నె తెచ్చిన చర్చిని మీరెల్లరు నిత్యము చూచుచున్నారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడినది. కఱవు కాలమున ఆకలిగొన్నవారికి పని కల్పించి, ఆ కూలితో అన్నము పెట్టి దానిని కట్టించిరని మన పెద్దలు చెప్పుదురు. మతమేదైనను, అందు మనకొక పాఠము కలదు. ఆపదలోనున్నవాడు చేయిచాచి నిలువకుండ, తలయెత్తి పుచ్చుకొనునట్లు చేయుటయే నిజమైన సహాయము. కాలిన యింటివారికి మనమీయవలసినది అట్టిదే. చెక్కు చేతికిచ్చి ఛాయాచిత్రము తీయించుకొనుట ఒక్కనాటి పని. నిజము తేలువఱకు వారి ప్రక్కన నిలుచుట ఏండ్ల పని. ఆ యేండ్ల పనికి మెదకు పౌరులు సంసిద్ధులగుదురు గాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాము.