పాత రంపం మిషన్ కొందామా?



మన చిలుకూరులో వడ్రంగం చేసే ఇంట్లో ఈ మాట రావచ్చు. "కోదాడలో పాత రంపం మిషన్ చవకగా వస్తుంది. పొదుపు సంఘంలో అప్పు తీసుకో" అంటాడు ఇంటాయన. సంతకం పెట్టేది మీరు. కాబట్టి మిషన్ చూడను మీరూ పోవాలె.

ముందు కరెంటు తీసేయించండి. బ్లేడును మెల్లగా చేత్తో తిప్పించండి. అటూ ఇటూ ఊగితే లోపల అరిగి ఉండొచ్చు. తర్వాత నడిపించండి. కాలిన వాసన వస్తే వద్దు.

మోటారు మీద చిన్న రేకు ఉంటది. అది మీరే చదవండి. 415 వోల్టులు అని ఉంటే త్రీఫేజు కరెంటు కావాలె. మన ఇంటి కరెంటు 230 వోల్టులే.

బ్లేడు మీద కవరు ఉందా? లేకుంటే కవరు ఖర్చు, రిపేరు ఖర్చు ధరలో కలపండి. అప్పుడూ చవకే అయితే కొనండి. కవరు లేకుండా మాత్రం నడపనీయకండి.

మిషన్ ఇంకోటి దొరుకుతుంది. తెగిన వేలు మళ్లీ రాదు.