నగదు ఇచ్చి కొన్న మగ్గాలు



పన్నుల గురించి మాట్లాడమంటే మేము వెనకాడాం. మేమేమీ లెక్కలు చదివినవాళ్లం కాము, సోలాపూర్‌లో టవల్ కార్ఖానా నడుపుకునే కుటుంబం. కానీ ఒక తప్పు చేశాం. అదే చెబుదామని వచ్చాం.

కొన్నేళ్ల కిందట మా చుట్టాలాయన కార్ఖానా మూసేస్తూ రెండు పాత పవర్‌లూమ్‌లు అమ్మాడు. 1,30,000 చెప్పి, నగదైతే 1,20,000కే ఇస్తానన్నాడు. మనవాడే కదా, రసీదెందుకని డబ్బు చేతిలో పెట్టి టెంపోలో తెచ్చేసుకున్నాం. పదివేలు మిగిలాయని ఇంట్లో అందరికీ సంతోషం.

ఏడాది చివర అకౌంటెంట్ అడిగాడు, "బ్యాంకులో ఇచ్చారా?" లేదన్నాం. అయితే తరుగుదల రాదన్నాడు. యంత్రాల మీద ఏటా నూటికి 15 చొప్పున తరుగుదలను ఖర్చుగా చూపొచ్చు. మొదటి ఏడు 18,000, రెండో ఏడు మిగిలినదాని మీద 15,300, అలా. ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే మొదటి ఏడు సగమే. కానీ 2017-18 నుంచి యంత్రం కోసం ఒక మనిషికి ఒక రోజున 10,000 దాటి నగదు ఇస్తే, ఆ సొమ్ము యంత్రం ఖరీదులోకే రాదు. ఆ మగ్గాలు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. వాటికి పెట్టిన డబ్బు మాత్రం మా లెక్కల్లో లేదు.

నూలు కొన్నా ఇదే. మునుపు హద్దు 20,000 ఉండేది, మా నాన్నగారు ఇప్పటికీ అదే అంటారు. ఇప్పుడు 10,000. ఒకే రోజు నాలుగు చీటీలుగా విడగొట్టినా కలిపే లెక్కిస్తారు. శనివారం పగార్ తలా నాలుగైదు వేలే కాబట్టి చిక్కు లేదు, పుస్తకంలో సంతకం ఉంటే చాలు. చిక్కంతా దీపావళి బోనస్‌తో! అది చాలామందికి పదివేలు దాటుతుంది. మేము ఇప్పుడు వాళ్ల ఖాతాల్లోనే వేస్తున్నాం.

కింద మగ్గాలు, పైన కాపురం ఉన్న ఇళ్లు మనలో ఎక్కువ. కరెంటు మీటరు ఒకటే అయితే బిల్లంతా రాయకండి, కార్ఖానా వంతే రాయాలి. బ్యాంకు అప్పులో వడ్డీయే ఖర్చు, అసలు కాదు. అదే అప్పులోంచి పెళ్లికి తీసి వాడితే ఆ వంతు వడ్డీ కూడా రాదు.

పుస్తకాలు రాయలేనివాళ్లకు అంచనా లాభం దారి ఉంది. అమ్మకాల్లో బ్యాంకు ద్వారా వచ్చినదానికి నూటికి 6, నగదుకు 8 లాభమని ఒప్పుకోవాలి. 40 లక్షలు బ్యాంకులోనే వస్తే 2,40,000 లాభం. ఇక తరుగుదల, వడ్డీ ఏవీ విడిగా అడగకూడదు. మధ్యలో మానేస్తే ఐదేళ్లదాకా మళ్లీ ఆ దారికి రానివ్వరు. నూలు ధర పెరిగి నిజంగా నష్టం వచ్చే ఏళ్లు మనకు కొత్త కాదు. కాబట్టి తొందరపడి ఎంచుకోకండి.

కొత్త పన్ను విధానంలో బీమా, పీఎఫ్ మినహాయింపులు పోయాయి కదా, ఇక బిల్లులెందుకని మొన్న ఒకాయన అడిగాడు. అవి సొంత పొదుపులు. కార్ఖానా ఖర్చులు రెండు విధానాల్లోనూ తీసేయొచ్చు.

మా పాత లెక్కల పుస్తకం వెంట తెచ్చాం. భోజనాల దగ్గర చూపిస్తాం, అడగండి.