వినడం ఒక మెట్టు, నిర్ణయం ఇంకో మెట్టు
(సామాజిక న్యాయ సంస్థలు – ప్రజల భాగస్వామ్యం)



సామాజిక న్యాయం కోసం పనిచేసే సంస్థలు మన దేశంలో అనేకం ఉన్నాయి. ప్రజల అభిప్రాయం తీసుకున్నాకే పని మొదలుపెడతామని దాదాపు అన్నీ చెబుతాయి. సభ పెడతారు, నలుగురి చేత మాట్లాడిస్తారు, సంతకాలు తీసుకుంటారు. ఆ తరువాత కార్యక్రమం ముందే రాసిపెట్టుకున్నట్టు సాగిపోతుంది. మరి ప్రజలు మాట్లాడినందువల్ల ఏం మారింది? ఈనాటి ప్రసంగంలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ముందుగా "ప్రజలు" అంటే ఎవరో చూడాలి. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని పూరీ గేట్ వంటి చోటును తీసుకోండి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వాళ్లు ఖరగ్‌పూర్‌కు పనికి వెళ్లి స్థిరపడ్డారు. బెంగాలీ, ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు వారికి ఇరుగుపొరుగు. 1927లో ఇక్కడి వర్క్‌షాపులో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా కార్మికులు పోరాడినప్పుడు, వారి నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. ఇన్ని భాషల వాళ్లు కలిసి నిలబడకపోతే అలాంటి పోరాటం సాగేది కాదు. అయితే అందరి అవసరం ఒకటి కాదు. పర్మనెంటు ఉద్యోగి కోరేది ఒకటి, కాంట్రాక్టు కూలీ కోరేది ఒకటి, ఇంటి పనికి వెళ్లే ఆడమనిషి కోరేది ఇంకొకటి. ఇన్ని గొంతుల మధ్య ఒక సంస్థ ఎవరి మాట మీద నడవాలి? ఈ ప్రశ్నకు వివరమైన జవాబు కావాలంటే తెలంగాణలోని ఒక అనుభవం చూడాలి.

జహీరాబాద్ అనుభవం

1983లో అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రారంభమైంది. దాని స్థాపకుల్లో పి.వి. సతీష్ ముఖ్యులు. ఆయన 2023లో కన్నుమూశారు. మొదట మగవాళ్ల సంఘాలతో మొదలైన పని, తరువాత మహిళా సంఘాల చేతుల్లోకి వచ్చింది. సుమారు 75 గ్రామాలకు విస్తరించిన ఈ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న, సన్నకారు రైతులు.

అదే 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. ఎందరో పేదల ఆకలి తీర్చిన పథకం అది. కాని జహీరాబాద్ మెట్ట భూముల్లో పండేది జొన్న, అక్కడివాళ్లు తినేది జొన్నరొట్టె. రేషన్ షాపులో దొరికేది బియ్యం. జొన్న పండే చెలకలు బీడు పడుతుంటే, దూరం నుంచి బియ్యం రావడమేమిటని సంఘాల మహిళలు అడిగారు. ఈ ప్రశ్న నుంచే 1990ల మధ్యలో సామూహిక ధాన్య నిధి పుట్టింది. బీడు భూమిని సాగులోకి తెచ్చుకోవడానికి రైతుకు అప్పు ఇస్తారు. రైతు ఆ అప్పును జొన్నల రూపంలో కొన్నేళ్ల పాటు తీరుస్తాడు. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వచేసి, ఇళ్లలో గింజలు నిండుకున్న నెలల్లో పేదలకు తక్కువ ధరకు ఇస్తారు.

ఇక్కడ విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. పేదలెవరో ఎవరు తేల్చారు? నేల మీద ఊరి పటం గీసి, ఇంటింటినీ గుర్తించి, ఎవరి పరిస్థితి ఏమిటో ఊరివాళ్లే నలుగురిలో చర్చించి నిర్ణయించారు. మరీ లేనివాళ్లకు ఎక్కువ గింజలు దక్కేలా చూశారు. 2002లో దేశవ్యాప్తంగా జరిగిన దారిద్య్రరేఖ సర్వేను దీనితో పోల్చి చూడండి. అందులో 13 అంశాలకు మార్కులు వేసి పేదరికాన్ని లెక్కగట్టారు. ఆ అంశాలు ఢిల్లీలో ఖరారయ్యాయి. జహీరాబాద్ పల్లెల్లో కొలబద్దను కూడా పేదలే తయారుచేసుకున్నారు.

2008 అక్టోబర్ 15న మాచునూర్ గ్రామంలో సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభమయ్యాయి. దాన్ని నడిపేది దళిత మహిళలు. పుస్తక భాష రాదని వెనక్కి తగ్గే మనిషి, తన ఊరి యాసలోనే మైకు ముందు మాట్లాడగలిగింది.

ప్రజాతీర్పు – ఒక విమర్శ

2001 జూన్‌లో ఇదే ప్రాంతంలోని ఆల్గోల్‌లో "ప్రజాతీర్పు" జరిగింది. అందులో జ్యూరీ సభ్యులు 19 మంది. వారిలో ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, సగానికి పైగా మహిళలు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వ "విజన్ 2020" పత్రం వ్యవసాయం మీద ఆధారపడే జనాభా వాటాను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని చూసింది. జ్యూరీ ఆ పత్రాన్నీ, మరి రెండు భిన్న మార్గాలనూ పరిశీలించి, సాక్షులను ప్రశ్నించింది. భూమి నుంచి రైతులను తప్పించే విధానం, జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం తమకు వద్దని తీర్పు చెప్పింది.

ఈ తీర్పు మీద విమర్శ కూడా వచ్చింది. జ్యూరీ రాష్ట్ర రైతాంగానికంతటికీ నిజంగా ప్రతినిధేనా అని, రాష్ట్రానికి సహాయం అందిస్తున్న బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ 2002లో ప్రశ్నించింది. నిర్వాహకులు తమ పద్ధతిని సమర్థించుకున్నారు. ఎవరి పక్షాన ఉన్నా ఈ ప్రశ్నను మనం తోసిపుచ్చకూడదు. ఎవరిని పిలవాలి, ఏ ప్రశ్న అడగాలి అన్నది నిర్ణయించేవారి చేతిలో సగం తీర్పు ఉంటుంది. అయితే ఇదే ప్రశ్న ప్రభుత్వ పత్రానికీ వర్తిస్తుంది. విజన్ పత్రం రాసేటప్పుడు ఏ సన్నకారు రైతును ఎవరు అడిగారు?

మనకు అందే పాఠాలు

ఈ అనుభవం నుంచి మూడు విషయాలు గ్రహించవచ్చు.

మొదటిది, ప్రజల మాటకు నిర్ణయాధికారం తోడు కావాలి. ధాన్య నిధిలో గింజలు ఎవరికి ఇవ్వాలో మహిళలే తేల్చారు గనుక వాళ్ల మాటకు బరువు వచ్చింది.

రెండవది, సమాజంలో పైవాడు, కిందివాడు ఉన్నట్టే సభలోనూ ఉంటారు. ముందు వరుసలో గట్టిగా మాట్లాడేవాడి మాటే ఊరి మాటగా చెలామణి అవుతుంది. వెనక నిలబడ్డవారి కోసం వేరుగా సమావేశం, వారికి వీలైన వేళ, వారి భాష ఏర్పాటు చేయాలి.

మూడవది, విన్న సంస్థ తిరిగి వచ్చి జవాబు చెప్పాలి. ఏ సూచన తీసుకున్నారు, ఏది తీసుకోలేదు, ఎందుకు తీసుకోలేదు అన్నది అదే సభలో చెప్పాలి.

ఈ పాఠాలు పల్లెలకే పరిమితం కావు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో తెలుగుకు అధికార భాషా హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారికి అది సంతోషకరమైన విషయం. ఇక పూరీ గేట్ వంటి చోట పనిచేసే ఏ సంక్షేమ సంఘమైనా తనను తాను ఇలా ప్రశ్నించుకోవాలి: నోటీసు తెలుగులో వేస్తే చాలా, చదవలేని మనిషికి చదివి వినిపించే ఏర్పాటు ఉందా? పక్కింటి ఒడియా కుటుంబానికి ఆ విషయం తెలిసిందా? కమిటీలో కాంట్రాక్టు కూలీకి చోటుందా? ఖర్చు పెట్టేటప్పుడు అతని మాట లెక్కలోకి వస్తోందా?

సారాంశంగా చెప్పాలంటే, పలు వర్గాల వారిని పిలిచి కూర్చోబెట్టడం మంచి ఆరంభం. వారి మాటతో ఒక పద్దు అయినా మారినప్పుడు, ఒక పేరు అయినా జాబితాలో చేరినప్పుడు భాగస్వామ్యం నిజమవుతుంది. మీ ప్రాంతంలోని ఏదైనా ఒక సంస్థను ఎంచుకుని, గత ఏడాది దాని నిర్ణయాల్లో ప్రజల మాట వల్ల మారినవి ఎన్నో లెక్కచూడండి. ఈ పాఠానికి అంతకు మించిన అభ్యాసం లేదు.