సిమ్ ఎవరి పేరున ఉంటే జవాబు వాళ్లదే



2016 ఆగస్టులో మన పక్కనున్న థాయ్‌లాండ్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ఒక ప్రతిపాదన పెట్టింది. విదేశీ టూరిస్టులకు వేరే రకం సిమ్ ఇస్తామంది. వాళ్లు ఎక్కడ తిరుగుతున్నారో దాంతో కనిపెట్టొచ్చు. గడువు దాటి ఉండిపోయేవాళ్లను, నేరాలు చేసేవాళ్లను పట్టుకోవడానికని చెప్పారు. టూరిస్టులంతా దొంగలా అని చాలామంది తప్పుపట్టారు.

ఇక్కడ మలేషియాలో 2025 జూన్‌లో ఇలాంటి చర్చే లేచింది. కమ్యూనికేషన్ల కమిషన్ ఫోన్ కంపెనీలను డేటా అడిగింది. టూరిజం లెక్కల వంటి వాటికే, మనిషి ఎవరో తెలియదు అని చెప్పింది.

మనకెందుకు ఇదంతా అంటారా? జీపీఎస్ ఆపేసినా, ఫోన్ ఏ టవర్ దగ్గరుందో కంపెనీకి తెలుస్తుంది. సిమ్ ఏమో పాస్‌పోర్టు మీద ఉంటుంది. అందుకే రూమ్మేట్ అడిగాడని మీ పాస్‌పోర్టు మీద సిమ్ తీసివ్వకండి. ఆ నంబరుతో వాడేం చేసినా పోలీసులు ముందు మీ దగ్గరికే వస్తారు.

"పాస్‌పోర్టు బాసు దగ్గరుంది, అందుకే వేరేవాళ్ల సిమ్ వాడుతున్నా" అనేవాళ్లున్నారు. మన పాస్‌పోర్టు వేరేవాళ్లు దగ్గర పెట్టుకోవడం ఇక్కడి 1966 పాస్‌పోర్టు చట్టం ప్రకారం నేరం. గ్రూపులో చెప్పండి, కలిసి అడుగుదాం.

ఊరికి పోయేముందు లైను రద్దు చేయించండి.

ఫోన్ పారేయమని కాదు. ఏజెంటు ఎక్కడన్నా బంధిస్తే మనల్ని వెతకడానికి దారి చూపేది కూడా ఆ సిగ్నలే. సిమ్ మీ పేరున ఉంటే వెతికేవాళ్లకు మిమ్మల్ని కనిపెట్టడం సులువవుతుంది.