పర్షియన్ పిల్లిని తెచ్చుకునే ముందు

(యాగంటిలో జరిగిన మన సంఘం కార్తీక వనసమారాధనలో చేసిన ప్రసంగ పాఠం)



కాకి వాలదని ప్రతీతి ఉన్న ఈ క్షేత్రంలో నన్ను పిల్లిని గురించి మాట్లాడమన్నారు. కార్యదర్శిగారు ఊరికే అనలేదు. మనలో కొందరి ఇళ్ళలో మనవళ్ళు బొచ్చుపిల్లి కావాలని మారాం చేస్తున్నారట. ఇల్లు బోసిపోయిందని తామే తోడుగా తెచ్చుకోవాలనుకుంటున్నవారూ ఉన్నారు. నేను పశువైద్యుణ్ణి కాను. ఖజానా కార్యాలయంలో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. ఆరేళ్ళుగా ఒక పర్షియన్ పిల్లిని సాకుతున్నాను, అంతే నా అర్హత.

మా అమ్మాయి ఉద్యోగం మారి పూణే వెళుతూ ముత్యాన్ని నంద్యాలలో మా దగ్గర వదిలింది. అప్పటికి దానికి రెండేళ్ళు. పిల్లే కదా, ఇంత పెరుగన్నం, ఇన్ని పాలు పోస్తే సరిపోతుందనుకున్నాను. పాలు అరగక విరేచనాలు పట్టుకున్నాయి. రోజూ దువ్వమని అమ్మాయి చెప్పింది గానీ నేను వారానికొకసారి కూడా దువ్వలేదు. చంకల్లో, పొట్ట కింద బొచ్చు జడలు కట్టింది. వైశాఖం ఎండలో ఒకనాటి మధ్యాహ్నం అది నోరు తెరిచి రొప్పసాగింది. పిల్లి నోటితో ఊపిరి తీస్తే ప్రమాదమని నాకప్పుడు తెలియదు. తడిగుడ్డ చుట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరుగారు జడలు తీసేస్తే కింద చర్మం పుండ్లు పడి ఉంది. నోరులేని జీవి ఎన్నాళ్ళు ఓర్చుకుందో! తప్పు పూర్తిగా నాదే.

దీని స్వభావం చెబుతాను. నెమ్మదైనది. బీరువాలెక్కి దూకదు, గట్టిగా అరవదు. రోజూ ఒకే వేళకు తిండి, ఒకే చోట నిద్ర ఉండాలి. గోల, కొత్త మనుషులు గిట్టరు. మా ఇంటావిడ కంటి ఆపరేషన్ చేయించుకొని పడుకుంటే రోజంతా కాళ్ళ దగ్గరే ఉండేది. ముసలివాళ్ళ ఇంటికి తగిన పిల్లే. మనవళ్ళు తోక పట్టి లాగే ఆటవస్తువు మాత్రం కాదు.

ఇక సంరక్షణ. ఈ జాతికి పేరు పర్షియా, అంటే నేటి ఇరాన్, నుంచి వచ్చింది. ఆ చప్పిడి ముక్కు మాత్రం మనుషులు అందం కోసం ఏరి ఏరి పెంచినది. దానివల్ల ఊపిరి ఇబ్బంది, కళ్ళనుంచి నీరు. రోజూ గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో కళ్ళు తుడవాలి. పదిహేను నిమిషాలు స్టీలు దువ్వెనతో దువ్వాలి. జడ కడితే ఇంట్లో కత్తెర పెట్టకండి, చర్మం తెగుతుంది. మన ఎండలకు చల్లని గది తప్పనిసరి. పిల్లి మాంసాహారి. శాకాహారుల ఇళ్ళలో ఈ మాట ముందే ఆలోచించుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి దానికి విషం. జ్వరమొచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్ వేస్తే ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. టీకాలు మానరాదు. ఈ జాతిలో కొన్నింటికి మూత్రపిండాల్లో నీటితిత్తుల జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. కొనేటప్పుడు తల్లిదండ్రులకు పరీక్ష చేయించారా అని అడగండి. ముక్కు రంధ్రాలు మరీ సన్నగా ఉండి, గురగురమని ఊపిరి తీసేదాన్ని ముద్దుగా ఉందని తెచ్చుకోకండి.

చివరిగా అసలు మాట. మార్జాల కిశోర న్యాయమని పెద్దలు చెబుతారు. పిల్లికూన తానేమీ పట్టుకోదు, తల్లే నోట కరచుకొని మోస్తుంది. పర్షియన్ పిల్లి ముసలిదైనా కూనే. భారమంతా మనదే. సరిగా సాకితే పన్నెండు, పదిహేనేళ్ళు బతుకుతుంది. నాకిప్పుడు 71. ఈరోజు కూనను తెస్తే అది ముసలిదయ్యేనాటికి నాకు 86. నేనుంటానా?

నిరుడు హెర్నియా ఆపరేషన్‌కు నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే ముత్యం తిండి ముట్టలేదు. పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయం దెబ్బతింటుందట. పక్కింటి అమ్మాయి వేలితో నాకించి బతికించింది. ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పని, ఆ అమ్మాయినే అడిగి ఒప్పించడం. పెన్షన్ కాగితాల్లో నామినీని రాశాం కదా, పిల్లికీ ఒక నామినీ ఉండాలి. ఆ పేరు రాయలేకపోతే పిల్లిని తేవద్దు. రాయగలిగితే కూనను కాక, యజమానులు వదిలించుకోజూసే నాలుగైదేళ్ళ పిల్లిని తెచ్చుకోండి. దాని మిగిలిన ఆయుష్షు, మన మిగిలిన ఆయుష్షు దాదాపు సరితూగుతాయి. లెక్కల గుమాస్తాను గదా, నాకు తోచిన లెక్క ఇది.

వంటలు చల్లారిపోతున్నాయి.