ఇరవై ఒక్క ప్లాట్‌ఫారాల మంచు

(ఖరగ్‌పూర్‌లో మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబాలు ఉగాదికి కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగ పాఠం)



మా న్యూజీలాండ్ ప్రయాణం గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. అందరి మనసులో ఉన్న ప్రశ్నకు ముందే జవాబిస్తాను. ఎల్.ఎఫ్.సి. మీద వెళ్ళలేదు. విదేశీ మజిలీ కలిసిన ప్రయాణానికి పన్ను మినహాయింపు రాదని 2022 నవంబరులో స్టేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది కదా! మేం రికరింగ్ డిపాజిట్ డబ్బుతో వెళ్ళాం.

మా తాతగారు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరొచ్చారు. నాన్నగారు ఇక్కడి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇదే కథ. చిన్నప్పుడు పాసు మీద ఊరెళ్ళడమంటే హోల్డాలు, మంచినీళ్ళ కూజా, పులిహోర డబ్బా, సగం ఇల్లు బండెక్కేది. మిగిలిన సగాన్ని కూడా ఎక్కిస్తే అదే మోటార్‌హోమ్.

మా క్వార్టరు వంటగదిలో అమ్మ ఒక పాత క్యాలెండరు బొమ్మ అంటించుకుంది. సరస్సులో తేలే మంచుగడ్డలు. "అంత బరువు నీళ్ళలో ఎలా తేలుతుందిరా?" అని నన్ను అడుగుతుండేది. నాకు ఉద్యోగం వచ్చాక ఇద్దరినీ తీసుకెళ్తానన్నాను. ఒక ఏడు ప్రమోషన్ పరీక్ష, ఒక ఏడు రూరల్ పోస్టింగు, ప్రతి ఏడూ మార్చి క్లోజింగు. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఈలోగా అమ్మ వెళ్ళిపోయింది. నిరుడు నవంబరులో నాన్నగారు, నేను, నా భార్య, మా అబ్బాయి బయల్దేరాం.

మా చెల్లెలు క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటుంది. అక్కడే బండి అద్దెకు తీసుకున్నాం. మనలాగే అక్కడా ఎడమవైపు నడపడమే కాబట్టి భయం సగం తగ్గింది. ఒక ముఖ్యమైన మాట. తినుబండారాలు ఏవి పట్టుకెళ్ళినా విమానాశ్రయంలో ఫారం మీద రాసి చూపించాలి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. మేం ఆవకాయ సీసా రాసి, చూపించి, దర్జాగా తెచ్చుకున్నాం.

బండిలో గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, పడకలు, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. కదిలేముందు ప్రతి సొరుగూ గడియ వేయాలి. మొదటి రోజు మరిచిపోయాం. మొదటి మలుపులోనే పోపులపెట్టె కిందపడి, ఆవాలు డ్రైవరు సీటు దాకా వచ్చాయి. ఆ తరువాత ప్రతి మజిలీలోనూ నాన్నగారు బండి చుట్టూ తిరిగి టైర్లు, గ్యాసు వాల్వు, గడియలు చూసేవారు. ఆయన తలూపితేనే నేను స్టార్ట్ చేసేవాణ్ణి. వాడిన నీళ్ళు, మరుగుదొడ్డి తొట్టి నిర్ణీత స్థలాల్లోనే ఖాళీ చేయాలి. ఆ పని నాది. అక్కడ మన స్కేలు ఎవరూ అడగరు.

టెకాపో సరస్సు, పుకాకి సరస్సు మీదుగా మౌంట్ కుక్ గ్రామం చేరాం. సుమారు 330 కిలోమీటర్లు. పుకాకి నీళ్ళు నెమలికంఠం రంగులో ఉంటాయి. హిమానీనదం రాళ్ళను పిండిలా నూరి పంపిస్తుంది. ఆ పిండి నీళ్ళలో తేలుతూ వెలుగును చెదరగొట్టడం వల్ల ఆ రంగు. ఎదురుగా 3,724 మీటర్ల అవురాకి శిఖరం.

మర్నాడు టాస్మన్ హిమానీనదం సరస్సులో పడవ ప్రయాణం. బస్సు దిగాక రాళ్ళ దారిలో అరగంట నడవాలి. నాన్నగారికి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. "మీరు బండిలోనే ఉండండి, వీడియో తీసి చూపిస్తాం" అన్నాను. ఆయన నా వైపు చూసి, "వీడియో చూడ్డానికైతే ఖరగ్‌పూర్‌లోనే ఉండేవాణ్ణి కదరా" అన్నారు. నాలుగుసార్లు ఆగి ఆగి నడిచారు.

పడవలో గైడు చెప్పిన మాట వినండి. 1970ల ముందు ఆ సరస్సే లేదు. మేం తేలుతున్న చోటంతా మంచే ఉండేది. న్యూజీలాండ్‌లో అన్నిటికంటే పొడవైన ఆ హిమానీనదం ఇప్పుడు దాదాపు 23 కిలోమీటర్లు. ఏటా తరుగుతోంది. 2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్ భూకంపం కుదుపుకు సుమారు 3 కోట్ల టన్నుల మంచు ఒక్కసారిగా విరిగి సరస్సులో పడిందట. అందుకే పడవలు మంచుగోడకు దూరంగానే ఆగుతాయి.

మన భాషలో చెప్పాలంటే, పైన కురిసే మంచు డిపాజిట్టు, కింద కరిగేది విత్‌డ్రాయల్. జమ కంటే ఖర్చు ఎక్కువైంది. వడ్డీ అయిపోయింది, ఇప్పుడు అసలు తరుగుతోంది.

నాన్నగారు వేళ్ళమీద లెక్కేశారు. మన ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. "ఇరవై ఒక్క ప్లాట్‌ఫారాల మంచురా ఇది" అన్నారు. గైడు నీళ్ళలోంచి అద్దంలాంటి ముక్క తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు పట్టుకున్నారు. చేయి ఎర్రబడినా వదల్లేదు. తరువాత ఎదురుగా ఉన్న మంచుగడ్డను చూపిస్తూ, "మీ అమ్మ అడిగేది కదా. పదిలో తొమ్మిది వంతులు నీళ్ళ కిందే ఉన్నాయట. నీళ్ళకంటే మంచు కాస్త తేలికట, అందుకే తేలుతోంది" అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట వినాల్సిన మనిషి పడవలో లేదు.

మిత్రులారా, అందరూ న్యూజీలాండ్ వెళ్ళమని చెప్పను. పూరీ వెళ్ళండి, దీఘా వెళ్ళండి, మీ తాతల ఊరు వెళ్ళండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడో ఒక చోటు పేరు చెప్పి ఉంటారు. ఈ సాయంత్రం అదేదో మళ్ళీ అడగండి. రేపు ఉదయం సెలవుకు దరఖాస్తు పెట్టండి. నేను మేనేజరుగా ఉన్నంతకాలం అలాంటి సెలవును క్లోజింగు పేరు చెప్పి ఆపను. ఇది అందరి ముందూ ఇస్తున్న మాట.

అద్దె, బీమా, ఖర్చుల వివరాలు కావలసినవారు నన్ను అడగండి. ప్లాట్‌ఫారం లెక్క మీద అనుమానముంటే మాత్రం మూడో వరుసలో కూర్చున్న నాన్నగారిని అడగాలి.