రోజుకో అధ్యాయం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "కరెంటు సంగతులు వద్దురా, మనసుకు దగ్గరగా ఉండేదేదైనా మాట్లాడు" అన్నాడు. థర్మల్ కేంద్రంలో ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగం నా మనసుకు దూరమని వాడెందుకు అనుకున్నాడో తెలియదు. సరే, ఆ ఉద్యోగంతో పాటే సాగుతున్న ఇంకో పని గురించి చెబుతాను. అది రోజూ బైబిలు చదవడం. ఇక్కడ అన్ని మతాల వాళ్లం ఉన్నాం. నేను బోధించడానికి రాలేదు. గీత గానీ, ఖురాను గానీ రోజూ చదివే మిత్రులకు ఇందులో చాలా భాగం అనుభవమే.

మేం చదివే ప్రొటెస్టెంటు బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. స్కాట్లండులోని డండీ పట్టణంలో రాబర్ట్ మెక్‌షేన్ అనే పాదిరి 1842లో తన సంఘస్థులకు రోజుకు నాలుగు అధ్యాయాల చొప్పున ఒక పట్టిక వేసి ఇచ్చాడు. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు పూర్తవుతాయి. ఇప్పటికీ దాన్ని పాటించేవారున్నారు. మంచి పట్టికే. కానీ జనవరి ఒకటిన ఉత్సాహంగా ఇలాంటి పట్టికలు మొదలుపెట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఆదికాండం కథల్లో హాయిగా సాగిపోతారు. నిర్గమకాండంలో గుడారం కొలతలు వస్తాయి, తర్వాత లేవీయకాండంలో బలుల విధులు. ఫిబ్రవరికల్లా బండి అక్కడ కూరుకుపోతుంది. (నాకు మాత్రం ఆ మూరల లెక్కలంటే ఇష్టం. ఇంజనీరు బుద్ధి.)

మా పనిలో దేన్నైనా మామూలు రోజును చూసి లెక్క కట్టం, గడ్డు రోజును చూసి కడతాం. చదవడానికీ అదే లెక్క పెట్టుకున్నాను. నైట్ షిఫ్టు దిగి, కళ్లు మూతలు పడుతున్నప్పుడు ఎంత చదవగలనో అంతే నా రోజువారీ మోతాదు. అంటే ఒక అధ్యాయం. మొత్తం పూర్తి కావడానికి మూడేళ్ల మూడు నెలలు పడుతుంది. పట్టనీ. 119వ కీర్తన వస్తే అందులో 176 వచనాలు. అవి ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటాయి కాబట్టి రోజుకో భాగం. అసలు ఈ అధ్యాయాలు మూల రచయితలు పెట్టినవి కావు, 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ చేసినవని చెబుతారు. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచన సంఖ్యలు వేసింది రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు, 1551లో. కాబట్టి నిద్ర ముంచుకొస్తే అధ్యాయం మధ్యలో ఆగినా తప్పేం లేదు.

షిఫ్టులు మారేవాడికి గడియారం పట్టుకుని చదవడం కుదరదు. అందుకని చదువును కాఫీకి ముడిపెట్టాను. పుస్తకం వంటింటి బల్ల మీదే ఉంటుంది. ఫోన్లో చదవను. ఫోన్ తెరిస్తే మన బ్యాచ్ గ్రూపు కనపడుతుంది, ఇక ఆ పూట సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

తప్పిపోయిన రోజుల మాటేమిటి? మన తెలుగు మాస్టారు రోజుకో పేజీ కాపీ రాత రాయమనేవారు, గుర్తుందా? ఆదివారం రాత్రి కూర్చుని వారం రోజులదీ ఒకేసారి రాసుకొస్తే ఒక్క చూపులో పట్టేసేవారు. ఏడు పేజీల్లోనూ అదే కలం, అదే తొందర. బైబిలు విషయంలోనూ బాకీలు తీర్చబోను. నిన్నటిది తప్పిపోతే ఇవాళ ఆ అధ్యాయమే చదువుతాను, రెండు కాదు.

వరసగా ఎందుకు చదవాలి, నచ్చినవి చదువుకోవచ్చు కదా అంటారు. మా చర్చిల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు పంచుతారు. అన్నీ చల్లని మాటలే. నేనూ తీసుకుంటాను, బీరువాకు అంటిస్తాను. అయితే ఆ కార్డుల్లో 88వ కీర్తన ఎన్నడూ రాదు. ఎజ్రాహీయుడైన హేమాను పేరుతో ఉన్న 18 వచనాల మొర అది. మిగతా మొరలు చాలావరకు చివరికొచ్చేసరికి కాస్త తేరుకుంటాయి. ఇది తేరుకోదు, చీకటిలోనే ఆగిపోతుంది.

ఆరేళ్ల కిందట నా భార్యకు క్యాన్సరు వచ్చింది. కీమోకి వెళ్లిన రోజుల్లో మంచం పక్కన కూర్చుని ఆ పూట అధ్యాయం పైకి చదివేవాణ్ని. ఒకరోజు వరసలో ఈ కీర్తన వచ్చింది. దాటేసి 89 చదవబోయాను. ఆమెకు వరస తెలుసు. "ఉన్నది చదవండి" అంది. చదివాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చూడ్డానికొచ్చిన వాళ్లందరూ తగ్గిపోతుందనే చెబుతున్నారండీ. ఈయనొక్కడే నాతో పాటు ఏడ్చాడు" అంది. ఆ తర్వాత చాలాసార్లు "మీ హేమాను గారిది చదవండి" అని అడిగేది. ఆ ఏడాది దసరా సెలవుల్లో వెళ్లిపోయింది. మర్నాడు నేను చదవలేదు, ఆ మర్నాడూ చదవలేదు. మూడో రోజు మా అమ్మాయి కాఫీ పెట్టి, పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

ఇప్పుడు మరో విడత నడుస్తోంది. ఈ ఉదయం నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం. యెరూషలేములో నీటి గుమ్మం ఎదుట ఎజ్రా తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివితే, జనం లేచి నిలబడి విన్నారట. మీరు కూర్చునే ఉన్నారు గనక ఇంకాస్త సాగదీయవచ్చు గానీ, వెనక వంటల దగ్గర మూతలు తీస్తున్న చప్పుడు వినిపిస్తోంది.